కొండ మీద మాట సాయం

అరకు అనగానే మనకు గుర్తొచ్చేవన్నీ కళ్లతో చూసేవే. సొరంగాలు, లోయలు, బొర్రా గుహలు, చాపరాయి మీంచి జారే నీళ్లు, చలి మొదలయ్యే రోజుల్లో కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు పూసే వలిసె చేలు. తిరిగొచ్చేటప్పుడు సంచిలో అరకిలో కాఫీ పొడి, కడుపులో బొంగు చికెన్. చెవులకు పని చెప్పి వచ్చినవాళ్లు మాత్రం తక్కువ. ఈసారి నేను వినడానికని వెళ్లాను. జూలై నెల. బళ్లు తెరిచి నెల దాటింది. వాన మాత్రం తెరిపి ఇవ్వడం లేదు.

విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ ప్యాసింజరు ఎక్కితే శృంగవరపుకోట దాకా పెట్టెలో వినిపించేది మనకు తెలిసిన యాసే. ‘ఏటి మావా, ఎక్కడికెల్తన్నావు’ అనే పలకరింపులు, వేరుశనక్కాయల పొట్లాలు, పెళ్లి కబుర్లు. బొడ్డవర దాటి బండి కొండెక్కడం మొదలుపెట్టాక పెట్టెలో మాట మారుతుంది. ఈ దారి మొత్తానికి 58 సొరంగాలు. ఒక్కో సొరంగం దాటేసరికి తెలుగు కొంచెం పలచబడుతుందా అనిపించింది నాకు. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు... పనసకాయలతో, ఖాళీ బుట్టలతో ఎక్కిన ఆడవాళ్లు సర్దుకు కూర్చుని మాట్లాడుకుంటుంటే, పక్కనే ఉన్న నాకు ‘టికెట్’, ‘బస్సు’, ‘ఫోన్’ తప్ప ముక్క అర్థమైతే ఒట్టు! 2017 నుంచి ఈ దారిలో అద్దాల బోగీ కూడా నడుస్తోంది. అందులో లోయలు బాగా కనిపిస్తాయి. ఈ మాటలు కావాలంటే మాత్రం మామూలు పెట్టె ఎక్కాల్సిందే.

శిమిలిగూడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి 1960ల్లో ఈ లైను వేశారు. కొండ తవ్వి తీసిన రాయి సముద్రాలు దాటిపోయింది. కొండ మీద మాట విశాఖ దాకా కూడా దిగలేదు.

విదేశం ఎంత దూరం?

పరాయి దేశం వెళ్లి భాష చెప్పే ఉద్యోగం ఒకటుంది. ఇంగ్లిషు మాతృభాషగా ఉన్న కుర్రాళ్లను ఫ్రాన్సు, స్పెయిన్ దేశాల్లో బళ్లకు సహాయకులుగా పిలిపించుకుంటారు. అమెరికా ఫుల్‌బ్రైట్ పథకంలోనూ విదేశీ భాషా బోధన సహాయకులని ఒక విభాగం ఉంది. మన దేశం నుంచీ కొందరు అలా వెళ్లి ఒక విద్యా సంవత్సరం అక్కడి కాలేజీల్లో తమ భాష నేర్పి వస్తుంటారు. అసలు పాఠం చెప్పే మాస్టారు వేరే ఉంటారు. ఈ సహాయకులు పక్కన నిలబడి, ఆ భాష నోట్లో ఎలా తిరుగుతుందో చూపిస్తారు. వీసా, టికెట్టు, దిగగానే శిక్షణ, ఉండటానికి గది... అన్నీ ముందే అమరుతాయి.

అచ్చం అదే పని చేసేవాళ్లు విశాఖకు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. వీళ్లు ఎక్కే విమానం షేరు ఆటో. అది ఆగిపోయిన చోటినుంచి కాలినడక. వీళ్లను మాతృభాషా విద్యా వాలంటీర్లు అంటారు. తెలుగు మాస్టారికీ, తెలుగు రాని పిల్లలకీ మధ్య నిలబడటం వీళ్ల ఉద్యోగం. అలాంటి ఒకమ్మాయి డుంబ్రిగుడ మండలంలోని ఒక చిన్న ఊళ్లో ఆ వారమే చేరిందని తెలిసి బయల్దేరాను.

శుక్రవారం సంత

అరకులో దిగింది శుక్రవారం. సంత రోజు. వానలోనే గొడుగులు, పాలిథిన్ పట్టాల కింద జనం. చోళ్లు, సామలు, చింతపండు, పిప్పళ్లు, అడ్డాకుల కట్టలు, ఈ కాలంలోనే దొరికే వెదురు కొమ్ములు. మైదానం నుంచి వచ్చిన ఎండుచేపల వ్యాపారి ఒకాయన ఒక్క నిమిషంలో మూడు భాషలు మార్చాడు. ‘ఎన్నొచ్చండీ మీకు?’ అంటే నవ్వి, ‘బేరానికి సరిపడా’ అన్నాడు.

ఈ కొండలకు సంత భాష ఆదివాసీ ఒరియా. భువనేశ్వర్‌లో మాట్లాడే ఒరియా కాదు, కొండల్లో అరిగి నునుపు తేలిన ఒరియా. వేర్వేరు తెగలవాళ్లు ఎదురుపడితే దాంట్లోకి దిగుతారు. ఇళ్లకు వెళ్తే ఎవరి భాష వారిది. ఖోండులది కువి. వీళ్లను సామంతులని కూడా అంటారు. కొండదొరల్లో కొందరిది కొండ భాష, దానికే కూబి అని పేరు. గదబల సంగతి ఇంకా విచిత్రం. ఈ పక్క ఉన్న గుతోబ్ గదబల భాష ముండా కుటుంబానిది. సాలూరు వైపు గదబల భాష మన తెలుగుకు చుట్టమైన ద్రావిడ భాష. పేరు ఒకటే, మాటకు మాట సంబంధం లేదు!

ఒక్క మాట తీసుకుని చూడండి. మనం నీళ్లంటాం. ఆదివాసీ ఒరియాలో పాని. కువిలో ఏయు. కొండ భాషలో ఏరు. మనకు ఏరంటే పారే నది. వాళ్లకు ఏరు కుండలోనూ ఉంటుంది, గ్లాసులోనూ ఉంటుంది. ఒకే తల్లి బిడ్డలైన మాటలు ఎక్కడెక్కడో కాపురాలు పెట్టుకున్నట్టు లేదూ?

ఈ చుట్టరికాన్ని పట్టుకున్నవాడు భద్రిరాజు కృష్ణమూర్తి. ఆయన అరకు లోయలో తిరిగి, కొండ భాష మాట్లాడేవాళ్ల దగ్గర కూర్చుని, మాటలు రాసుకుని 1969లో ఆ భాష మీద పెద్ద పుస్తకం తెచ్చారు. మన చిన్నప్పుడు అక్షరమాలలో చివర ఎక్కడో బండి ఱ ఉండేది గుర్తుందా? మామూలు రకీ దానికీ తేడా ఏమిటో మనలో చెప్పగలిగినవాళ్లు లేరు. మన నాలుక ఆ తేడాను ఎప్పుడో మరిచిపోయింది. కొండ భాషలో ఆ రెండూ వేర్వేరు శబ్దాలుగా ఇంకా బతికే ఉన్నాయి. తెలుగు పండితులు పుస్తకాల్లో వెతుక్కునే శబ్దం ఈ సంతలో వెదురు కొమ్ములు అమ్ముకుంటోందన్నమాట.

2011 జనాభా లెక్కల్లో కువి తమ మాతృభాష అని రాయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 1.55 లక్షలు. కొండ భాషవాళ్లు దాదాపు 60 వేలు. మన మైదానంలో ఒక మోస్తరు పట్టణంలో అంతకంటే ఎక్కువమంది ఉంటారు.

ఆ అమ్మాయి చేరిన వారం

మర్నాడు పొద్దున ఆటో తారురోడ్డు చివర దింపేసింది. అక్కణ్నుంచి గంట నడక. వాగు ఒకటి మోకాళ్ల దాకా వస్తోంది. కాఫీ తోటలు, వాటికి నీడగా సిల్వర్ ఓక్ చెట్ల మీద అల్లుకున్న మిరియాల తీగలు దాటితే ముప్పై నలభై ఇళ్ల ఊరు, దాని చివర రెండు గదుల బడి.

మాస్టారిది విజయనగరం జిల్లా. ఇక్కడికి వచ్చి మూడో ఏడు. ‘మొదటి రోజు దుబాయిలో దిగినట్టే ఉందండి’ అన్నాడు నవ్వుతూ. ‘దుబాయిలోనైనా మనవాడు ఒకడు కనిపిస్తాడు’ అని మళ్లీ తనే సర్దుకున్నాడు. నవ్వు ఆగాక ఒక సంగతి చెప్పాడు. ఆయన వచ్చిన ఏడాది ఒకటో తరగతిలో ఒక పాప మూడు నెలలు నోరు విప్పలేదట. మూగదేమో అనుకున్నాడు. డాక్టరుకు చూపించమని చెబుదామని తల్లిని పిలిపిస్తే ఆమె తెల్లబోయింది. ఇంట్లో దాని నోరు మూయించడమే కష్టంగా ఉందట! ఆ ముక్క కూడా మాస్టారికి ఇంకొకరు తెలుగులో చెబితే తెలిసింది. ఆ పాప బళ్లో మంచినీళ్లు అడగాలన్నా, బయటికి వెళ్లాలన్నా ఏ మాట అనాలో తెలియక అలాగే బిగపట్టుకుని కూర్చునేది. తర్వాత బడి మానేసింది. ఇప్పుడు మేకలు కాస్తోంది.

కొత్తగా వచ్చిన అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయి. అరకులో డిగ్రీ చదివింది. కువి కుటుంబమే అయినా ఊరు ఇది కాదు, హుకుంపేట వైపు. అంతకుముందు ఇక్కడ పనిచేసిన వాలంటీరు పెళ్లి చేసుకుని వెళ్లిపోయిందట. ఈమెను తండ్రి వెంటబెట్టుకుని వచ్చి దింపి వెళ్లాడు. ఒక ట్రంకు పెట్టె, ఒక చోళ్ల మూట. ఊళ్లో మొదట అడిగింది ‘ఏం చదివావు’ అని కాదు, ఇంటిపేరు. ఈ కొండల్లో ఇంటిపేరంటే వంశం గుర్తు. కిల్లో అంటే పులి, కొర్ర అంటే సూర్యుడు, వంతల అంటే పాము. ఒకే గుర్తువాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల లెక్క. ఈమె ఇంటిపేరు చెప్పగానే సగం ఊరు చుట్టాలైపోయింది. ఒక పెద్దామె ‘మా ఇంట్లో ఉంటుంది’ అని పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయిందట. ఏ దేశంలో దొరుకుతుంది ఇలాంటి వసతి!

మరి ఇబ్బందేమీ లేదా అంటే, ఉంది. అది నేను అనుకున్న చోట లేదు.

‘బళ్లో కువి మాట్లాడాలంటే సిగ్గేసింది సార్’ అంది. ఆమె చదివింది ఆశ్రమ పాఠశాలలో, ఆరేళ్ల వయసు నుంచీ. అక్కడ కువి మాట్లాడితే తోటి పిల్లలు నవ్వేవారు. పెద్దవాళ్లు తెలుగులో మాట్లాడమనేవారు. అమ్మతో ఒక భాష, బోర్డు ముందు ఒక భాష అని పదిహేనేళ్లు అలవాటైపోయింది. ఇప్పుడు చేతికి చాక్‌పీస్ ఇచ్చి, అదే బోర్డు ముందు అమ్మ భాష మాట్లాడమన్నారు. సోమవారం మొదటి రోజు నోరు తెరిస్తే తెలుగే వచ్చిందట. పిల్లలు గుడ్లప్పగించి చూశారు. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఒక పిల్లవాడి కంచం ఒరిగిపోతుంటే గబుక్కున కువిలో కేకేసింది. అంతే, పదకొండు తలలూ ఒక్కసారి ఇటు తిరిగాయి. ‘ఆ రోజు చేరాను సార్ ఉద్యోగంలో’ అంది.

పక్క దేశం వెళ్లేవాడు తన భాషను మూట కట్టుకుని వెళ్తాడు. ఈమె తన భాషనే వెతుక్కుంటూ బడి లోపలికి రావాల్సి వచ్చింది.

నేనున్న రోజు పాఠం ‘వాన’. మాస్టారు బొమ్మ పట్టుకుని వాన, నీళ్లు, కుండ అన్నాడు. పిల్లలు వరసగా వాన, నీళ్లు, కుండ అన్నారు, గుడిలో మంత్రంలా. ఆమె పక్కనుంచి కువిలో ఏదో అడిగింది. ఇక చూడండి గోల! నిన్న వాగు ఎంత పొంగిందో, ఎవరి మేక కొట్టుకుపోబోయిందో, ఎవరింటి కప్పు కారిందో... ఒకడు లేచి నిలబడి చేతులతో చూపిస్తున్నాడు. ఆమె అందులోంచి ఒక్కో మాట పట్టుకుని ‘దీన్ని తెలుగులో ఇలా అంటారు’ అని బోర్డు మీద పెడుతోంది. ఏయు పక్కన నీళ్లు. మాస్టారు చివరి వరసలో పిల్లల పక్కన కూర్చుని తనూ రాసుకుంటున్నాడు.

గిడుగు వారింటి గురువు

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. నూరేళ్ల పైచిలుకు కింద ఇవే తూర్పు కనుమల్లో, పర్లాకిమిడిలో, గిడుగు వెంకట రామమూర్తి ఇదే పని చేశారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటాం. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి ఉపన్యాసాలు వింటాం. అంతకంటే ముందే ఆయన తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, సవర పిల్లలకు సవరలోనే బళ్లు పెట్టించారు. కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకుని, క్వినైను మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. చెవులు పోయినా భాషను వదల్లేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిషు నిఘంటువు వచ్చాయి. ఆ ఇంట్లో కూర్చుని ఓపిగ్గా మాటలు నేర్పిన సవర మనిషిని నేను మన రాష్ట్రపు మొదటి భాషా బోధన సహాయకుడిగా లెక్కేసుకుంటాను.

రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లో చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు ఉండాలని చెబుతుంది. మన దగ్గర అది కొండెక్కడానికి సుమారు అర్ధశతాబ్దం పట్టింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 240 బళ్లలో, ఎనిమిది భాషల్లో మాతృభాషా ఆధారిత బహుభాషా విద్య మొదలైంది. గోండి, కోయ, కోలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా. లిపి తెలుగుదే. మొదట ఇంటి భాషలో చదవడం, రాయడం పట్టుబడితే, తర్వాత తరగతి తరగతికీ తెలుగు పాలు పెంచుకుంటూ పోవడం పద్ధతి. లిపి ఒకటే కాబట్టి మెట్టు దిగి మెట్టు ఎక్కినట్టుంటుంది, గోడ దూకినట్టుండదు.

పద్ధతి మంచిదే. మనిషి నిలకడగా ఉంటేనే అది నడుస్తుంది. ఈ వాలంటీర్లు శాశ్వత ఉద్యోగులు కారు. విద్యా సంవత్సరంతో పని ముగుస్తుంది, మళ్లీ రెన్యువల్ కావాలి. ఉత్తర్వులు వచ్చేదాకా ఎదురుచూపు. ఇచ్చేది గౌరవ వేతనం. ‘వచ్చే జూన్‌లో నేనుంటానో లేదో తెలీదు సార్. అందుకే డిసెంబరు కల్లా వీళ్లకు చదవడం వచ్చేయాలి’ అంటోంది ఆ అమ్మాయి. పిల్లల పేర్లు, ఎదురుగా గళ్లు గీసిన కాగితం ఒకటి చూపించింది.

స్థానిక గిరిజనులనే టీచర్లుగా వేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. ఏజెన్సీ బళ్లలో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకేనని 2000లో ఇచ్చిన జీవో నంబరు 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ దెబ్బ ఇక్కడి చదువుకున్న కుర్రాళ్ల మాటల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. అయితే ఆ జీవో ఉన్న రోజుల్లోనూ తెలుగు మాత్రమే తెలిసిన భగత టీచరు కువి ఊళ్లో పరాయివాడే. గిరిజనుడు అన్న ఒక్క మాట కింద ఇన్ని భాషలున్నాయని మైదానంలో కూర్చుని ఊహించడం కష్టం.

బల్ల మీద పాఠ్యపుస్తకం ఉంటే తిరగేశాను. ఇప్పుడు సర్కారు బళ్లలో ఇచ్చే ద్విభాషా పుస్తకం. ఎదురెదురు పేజీల్లో ఒకదాని మీద ఇంగ్లిషు, ఒకదాని మీద తెలుగు, అవే బొమ్మలు. పట్నం పిల్లలకు చక్కని ఏర్పాటు. ఈ ఊరి పిల్లలకు మాత్రం రెండు పేజీలూ పొరుగు దేశాలే. వాళ్ల భాష ఆ రెండు పేజీల మధ్య, కుట్టు దగ్గర నిలబడిన ఈ అమ్మాయి నోట్లో ఉంది.

మూడు గళ్ల నోటుబుక్కు

సాయంత్రం వాన కాస్త తగ్గింది. ఆమె ఉంటున్న ఇంటి అరుగు మీద కూర్చున్నాం. పెద్దామె గ్లాసులతో చోడి అంబలి ఇచ్చింది. ‘ఏయు’ అని అడిగి మంచినీళ్లు తెప్పించుకున్నాను. నా ఉచ్చారణకు ఆవిడ నవ్విన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది. చుట్టూ పిల్లలు చేరి నాచేత పది మాటలు పలికించారు. తప్పు పలికినప్పుడల్లా మళ్లీ అనమన్నారు. పొద్దున బళ్లో గొంతు కలిపి మంత్రం చదివిన పిల్లలేనా అనిపించింది.

మాస్టారు కూడా వచ్చాడు, నోటుబుక్కుతో. మూడు గళ్లు గీసి ఉన్నాయి. మొదటి గడిలో కువి మాట తెలుగు లిపిలో. రెండో దాంట్లో తెలుగు. మూడో దాంట్లో అది ఏ సందర్భంలో వాడతారో. రోజుకు పది మాటలని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారట. ఆయనకు ఆమె కువి చెబుతోంది. డీఎస్సీ రాయాలన్న ఆమెకు ఆయన లెక్కలు చెబుతున్నాడు.

ఆ రోజు పదో మాట దగ్గర పని ఆగింది. పిల్లవాడొకడు అడవిలోంచి తవ్వుకొచ్చిన దుంపను చూపించి పేరు చెప్పాడు. మాస్టారు మొదటి గడిలో రాసుకున్నాడు. ‘తెలుగులో ఏమంటారమ్మా దీన్ని?’ అని అడిగాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది, పెద్దామెను అడిగింది, నావైపు చూసింది. నాకూ తెలీదు.

‘మీ వైపు దొరకదేమో సార్. ఆ గడి అలాగే ఉంచండి’ అంది.

మాస్టారు ఖాళీ గడి వదిలి, మూడో దాంట్లో రాసుకున్నాడు: ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఉడకబెట్టి తినాలి.